సర్పంచ్ గారి బంజరు

ఈ లోకంలో ఏ నేలను బంజరు అనాలో చెప్పే అధికారం గడ్డికి లేదు. అది భూములు తనిఖీ చేసే గిర్దావరు గారికి మాత్రమే ఉంది!

గుమ్మడిదల దగ్గర మా ఊరి గైరాన్‌ను, అంటే ఊరి పశువులన్నీ మేసే నేలను, ఒక మందుల కంపెనీ గోదాము కోసం అడిగింది. మేత ఉంటే ఇవ్వకూడదట, బంజరైతే ఇవ్వొచ్చట. మా సర్పంచ్ కొమురయ్య గారికి అభివృద్ధి మీద ప్రేమ ఎక్కువ. కంపెనీ బాయిలర్‌లో వరి ఊక కాలిస్తే వచ్చే బూడిదను ఎండాకాలంలో లారీలతో తెప్పించి, గైరాన్ నిండా కుప్పలు పోయించారు. గడ్డి చస్తే అభివృద్ధి మొలుస్తుందని వారి ఆలోచన!

మా రెండు బర్రెలకు వేరే మేత లేదు. అవి అమ్ముడుపోతే ఇంట్లో పాలూ లేవు, నాకు బడీ లేదు. కుప్పల్లో బర్రెల కాళ్లు దిగబడుతున్నాయని మా నాయనమ్మ రాజవ్వ, వాడకట్టు ఆడవాళ్లను వెంటేసుకుని ఆ బూడిదను పారలతో నేలంతా పలచగా చల్లేసింది. నేనూ చల్లి, నల్లగా దగ్గాను. తర్వాత వానలు పడ్డాయి.

పలచగా పడ్డ బూడిద ఎరువై, గడ్డి నడుము దాకా లేచింది! అట్లాంటి గడ్డిని మా ఊరు ఎన్నడూ చూడలేదు. కొమురయ్య గారూ చూడలేదు. చూడకూడదని నిర్ణయించుకున్నారు.

భూమి తనిఖీకి గిర్దావరు గారు జీపులో వచ్చారు. ఊరంతా వెంట నడిచింది. ఆయన గడ్డి మధ్యలో నిలబడి, ప్యాంటుకు అంటిన గింజలు దులుపుకున్నారు.

"ఏముందయ్యా ఇక్కడ?"

"ఏం లేదు సారూ! ఒక్క పోచ గూడ మొలవది," అన్నారు కొమురయ్య గారు.

"నిజమే. దూరం వరకు ఏమీ కనిపించడం లేదు."

ఎదురుగా అంత గడ్డి అడ్డం ఉంటే ఎట్లా కనిపిస్తుంది!

"పశువులు మేస్తాయా?"

"ఏం మేస్తయి సారూ, మట్టి మేస్తయా?"

అప్పుడే గడ్డి కదిలింది. నోటినిండా పచ్చిక నములుతూ సర్పంచ్ గారి పాడిబర్రె బయటికి వచ్చింది!

"ఎవరిదిది?" అన్నారు గిర్దావరు గారు.

కొమురయ్య గారు బర్రె వైపు నుంచి మొహం తిప్పుకున్నారు. "తెల్వది సారూ. యాడికెల్లో తప్పిపోయొచ్చింది."

"అయ్యో, దిక్కులేని బర్రెనా!" అంది నాయనమ్మ. "నడువు తల్లీ, మా ఇంట్ల ఉందువు. సుమిత్రా, పగ్గం పట్టు."

పెద్దల ముందు నోరెత్తని నేను పగ్గం మాత్రం గట్టిగా పట్టుకున్నాను.

"ఏయ్ రాజవ్వా, యాడికి తోల్కపోతున్నవ్?"

"నీది గాదంటివి గద బిడ్డా. నీకేంది పరేషాన్?"

కొమురయ్య గారు దగ్గరికొచ్చి గొంతు తగ్గించారు. "అవ్వా, జెర ఇజ్జత్ కాపాడు. పొద్దుమూకినంక మా ఇంటికి తోల్కరా."

"పొద్దుమూకినంక పాలు పిండుకుంట. కావాల్నంటే సారు ముంగట అడుగు, ఇప్పుడే ఇస్త."

నేను నడిచాను. బర్రె నడిచింది. కొమురయ్య గారు ఆగలేకపోయారు.

"సారూ! ఆ బర్రె నాదే!"

"నీదని నమ్మకమేంటి?"

"రోజూ నేనే తోల్తున్న సారూ! వానలు వడ్డసంది ఈడనే మేస్తున్నది. గిసుంటి మేత ఇంకేడ దొర్కుతది!"

ఊరంతా విన్నది. గిర్దావరు గారు మొదటిసారి తల దించి చూశారు.

"అరె, గడ్డి!" అన్నారు. "ఇంత మేత పెట్టుకుని బంజరంటావా? ఇది ఇవ్వడానికి వీల్లేదు!"

నేను పగ్గం వదిలాను. గిర్దావరు గారు జీపు ఎక్కబోతూ ఆగి, మెల్లగా అన్నారు:

"మా ఇంట్లో ఒక ఆవుంది. ఒక మోపు కోయించండి."

మోపు కట్టింది సర్పంచ్ గారే!