కట్టెల గోడలో ముఖం

ఆదివారం పొద్దున హాల్వర్ పెట్టుకున్న పనులు రెండే. పొయ్యి రాజెయ్యడం, కాఫీకి వచ్చే స్నేహితుడు టారాల్డ్‌కి థాంక్స్ చెప్పడం. మొదటిది తేలిక. రెండోదాని కోసం కొన్నాళ్ళుగా గొర్రెల ముందు సాధన చేస్తున్నాడు. మా లోయలో మగవాళ్ళకి ఆ మాట గొంతులో అడ్డం పడుతుంది.

హాల్వర్ మోకాలి ఆపరేషన్‌కి ఓస్లోలో ఉండగా, చలికాలానికి సరిపడా కట్టెలు టారాల్డ్ ఒక్కడే కొట్టి, సరస్సు వైపు పెరట్లో గోడలా పేర్చి వెళ్ళాడు. ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ హాల్వర్ పైవరసల్లోంచే తీసి కాలుస్తున్నాడు. వంగడానికి మోకాలు ఒప్పుకోదు.

అవతలి ఒడ్డున చెల్లెలింటికి వెళ్ళిన భార్య గున్‌వోర్ ఆ పొద్దున పడవ దిగుతూనే అరిచింది.

"ఏమయ్యా! ఆ కట్టెల్లో బొమ్మ ఉంది! దగ్గర్నుంచి తెలీదు, నీళ్ళ మీంచి చూడాలి. నల్లకట్టెలూ తెల్లకట్టెలూ కలిపి టారాల్డ్ నీ ముఖం పేర్చాడు!"

"నాదేనా?"

"ఆ పొడుగు ముఖం, ఆ దిగులు కళ్ళు ఇంకెవరికున్నాయి? కానీ బొమ్మకి నెత్తి మీద జుట్టే లేదు."

హాల్వర్ తరిగిపోయిన పైవరసల వంక చూశాడు. జుట్టు ఇన్నాళ్ళుగా పొయ్యిలోకి పోతోందన్నమాట. స్నేహితుడు అంత ప్రేమగా చేసిన ముఖంతో తను చలి కాచుకున్నాడు. చూస్తే టారాల్డ్ ఏమీ అనడు, అదే భయం. కిందటిసారి ఏమీ అననప్పుడు రెండేళ్ళ పాటు అనలేదు.

"జుట్టు పెట్టేద్దాం," అన్నాడు. నల్లకట్టెలు మిగల్లేదు. తారు పూసిన కంచె గుంజలు కనబడ్డాయి. కొన్ని పీకి కోశాడు. గున్‌వోర్ మళ్ళీ పడవెక్కి కొంతదూరం పోయి కేకలేసింది.

"ఎడమకి! ఇంకా ఎడమకి! అది జుట్టు కాదు, చర్చికెళ్ళే టోపీలా ఉంది. సర్లే, ఆదివారం కదా, ఉండనీ. మరి నీ మీసం ఏదీ?"

"వాడు పెట్టలేదా?"

"మర్చిపోయుంటాడు పాపం! నువ్వే పెట్టుకో!"

మీసం కోసం మధ్యలో కట్టెలు లాగేసరికి ఎడమ చెంప కూలి మోకాలి మీద పడింది. చెంప కట్టడానికి ఇంకొన్ని గుంజలు పీకాడు. కంచె లేదన్న సంగతి గొర్రెలకి తెలిసింది. గున్‌వోర్ ఒడ్డుకొచ్చేలోపు అవి చెల్లెలింటి నుంచి తెచ్చి మెట్ల మీద పెట్టిన వాఫుల్ అట్లన్నీ తినేసి, జామ్ మూతులతో నీళ్ళ పక్కన వరసగా నిలబడ్డాయి.

అప్పుడే టారాల్డ్ పడవ కనిపించింది. సరస్సు మధ్యలో ఆగింది. చాలాసేపు ఆగింది. తర్వాత మెల్లగా ఒడ్డుకొచ్చింది.

"హాల్వర్," అన్నాడు టారాల్డ్, "బ్లేసాకి మీసం ఎవర్రా పెట్టింది?"

బ్లేసా హాల్వర్ గుర్రం. ఇరవై ఏళ్ళు అడవిలో అతనితో పాటు దుంగలు లాగి, మొన్న వసంతంలో పోయింది. దాని గురించి హాల్వర్ ఇంతవరకూ ఎవరితోనూ ఒక్క మాట అనలేదు.

"చెవులేవి?" అన్నాడు టారాల్డ్.

"కాల్చేశాను."

"ఆ టోపీ?"

"జుట్టు అది."

టారాల్డ్ బొమ్మని చూశాడు, హాల్వర్‌ని చూశాడు, మళ్ళీ బొమ్మని చూశాడు. భుజాలు కదలడం మొదలైంది. అతను నవ్వగా గున్‌వోర్ ఎన్నడూ చూడలేదు కాబట్టి, పొలమారిందనుకుని నీళ్ళు తెచ్చింది.

హాల్వర్ పడవెక్కి ఒక్కడే నీళ్ళ మీదికి పోయి వెనక్కి తిరిగాడు. టోపీ కింద, మీసం పైన, బ్లేసా కళ్ళు తన వంకే చూస్తున్నాయి. సాధన చేసిన వాక్యాల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. ముఖం తుడుచుకుని ఒడ్డుకొచ్చి, "థాంక్స్ రా," అన్నాడు.

"కట్టెలు కాల్చుకోడానికేగా," అన్నాడు టారాల్డ్, ఎటో చూస్తూ. "ముందు గొర్రెల్ని పట్టు."

పోలిక విషయంలో గున్‌వోర్ పొరబడిందని మాత్రం ఇద్దరిలో ఎవరూ అనలేదు.