కుర్చీ మీద తువ్వాలు

ఆ శుక్రవారం పొద్దున ఆరింటికే ఓట్మార్ క్లూగె వైద్యశాల కింది అంతస్తుకు దిగి, కుడివైపు దీపాల గది ముందున్న కుర్చీ మీద తన తువ్వాలు పరిచి వచ్చాడు. జర్మనీలో తువ్వాలు పడ్డ కుర్చీని దేవుడు కూడా ముట్టుకోడు. ముప్ఫై ఏళ్ళు ట్రాముల్లో టికెట్లు తనిఖీ చేసిన ఆయనకు నియమమంటే ప్రాణం, తన నియమమైతే మరీనూ.

ఆయన తొందరకు కారణం, అక్కడే నడుం నొప్పికని చేరిన రోస్విత. ఉప్పునీటి స్నానం చేసి, ఒళ్ళు ఆరకముందే అతినీలలోహిత దీపాల కింద నాలుగు నిమిషాలు నిలబడి వస్తే, ఫలహారాల దగ్గర ఆవిడ పక్కన కూర్చుని రేపు వైద్యశాలలో జరిగే డాన్సుకు పిలవచ్చు. తాను మోకాళ్ళ నొప్పికి వచ్చానని ఆవిడతో అబద్ధమాడాడు. మోచేతుల మీది సోరియాసిస్ మాట ప్రాణం పోయినా చెప్పడు. అది అంటుకునే జబ్బు కాదని డాక్టర్లు ఎంత చెప్పినా సిగ్గు వింటుందా?

ఆయన తొట్టిలో నానుతుండగా, నేల తుడిచే ఆవిడ కుర్చీలు జరిపి, తువ్వాలును పొందిగ్గా మడిచి ఎడమ గది కుర్చీ మీద పెట్టిపోయింది. క్లూగె స్నానపు అంగీ చుట్టుకుని, కళ్ళజోడు లేకుండా వచ్చేసరికి కుడి గదిలో ఎవరో దూరారు. ఎడమ గది ఖాళీ. దాని ముందు మాత్రం తువ్వాలు!

"చూశారా, ఎవడో నా తువ్వాలు తీసి పారేసి, ఇక్కడ తనది వేసుకున్నాడు!" అని మండిపడ్డాడు.

వెనక వరుస పెరిగింది. ఉప్పు ఆరి ఒళ్ళంతా చిమచిమలాడుతోంది.

"లోపల ఎవరూ లేరుగా, వెళ్ళండి" అన్నారెవరో.

"తువ్వాలుందిగా!" అన్నారు అందరూ.

నర్సు బిర్గిట్ వచ్చింది. "తీసి పక్కన పెడితే సరిపోదా?"

"ఎలా సరిపోతుంది? ఆ ఘనుడెవరో తేలాలి! మైకులో పేరు చదవండి, పైన ఫలహారశాల దాకా వినపడాలి!" అన్నాడు క్లూగె.

వరుసంతా చప్పట్లు కొట్టింది. బిర్గిట్ తువ్వాలు అంచున కుట్టిన పేరు చూసి, నిట్టూర్చి, మైకు అందుకుంది.

"సోరియాసిస్ విభాగం ఓట్మార్ క్లూగె గారు వెంటనే వచ్చి తమ తువ్వాలు తీసుకోవలెను."

క్లూగె తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు. పైన రోస్విత చేతిలో రొట్టె ముక్క జారిపోయి ఉంటుంది. ఇక డాన్సూ లేదు, ఏమీ లేదు. ఆయనకు ఏడుపొచ్చినంత పనయింది.

"మోకాళ్ళ నొప్పి అన్నారు?" వరుస చివరినుంచి ఒక ఆడగొంతు. అంగీలో, తడిజుట్టుతో రోస్విత దగ్గరికొచ్చింది. "నేనూ నడుం నొప్పనే చెప్పాన్లెండి. ఇదిగో, నా మెడ వెనక మచ్చలు చూడండి. రేపు డాన్సుకు పొట్టి చేతుల చొక్కా వేసుకురండి. నేనూ మెడకు గుడ్డ చుట్టుకోను."

ఆయన సంతోషంగా తన తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు. ఎడమ గది తలుపు తీసి పట్టుకుని, "ముందు మీరు వెళ్ళండి" అన్నాడు.

"అబ్బే, మీరే వెళ్ళండి."

"కాదు కాదు, మీరే."

వరుసలో మిగిలిన తొమ్మిదిమందీ ఈలోగా పూర్తిగా ఆరిపోయి, మళ్ళీ స్నానానికి వెళ్ళారు.