చూద్దామంటే చూద్దామనే

విదేశయాత్రకు బయలుదేరే దంపతుల్లో ఒకరికి పేకాట పిచ్చి ఉండి తీరాలి. లేనివారికి వీసా ఇవ్వకూడదు!

నవ్వకండి. డిగ్రీలో చరిత్ర చదువుకున్నదాన్ని, ఊరికే మాట తూలను. మొన్న మేమిద్దరం ఒక వారం విదేశం వెళ్ళొచ్చాం. మా ఆయన హోటల్ కింది అంతస్తులో ఉన్న కార్డ్ రూములో కూర్చుని పోకర్ ఆడారు. నేను ఊరు చూశాను. ఇంత అన్యోన్యంగా మా కాపురంలో ఏ వారమూ గడవలేదు. పోట్లాడుకోవాలంటే ముందు ఒకరికొకరు కనబడాలి కదా?

పోకర్ అంటే తెలియనివారికి రెండు ముక్కల్లో చెబుతాను. ఆట కూడా రెండు ముక్కలతోనే. చేతికి రెండు ముక్కలిస్తారు, అవి ఎవరికీ చూపించకూడదు. బల్ల మీద ఐదు పరుస్తారు, అవి అందరివీ. మన దగ్గర గొప్ప ముక్కలున్నాయని ఎదుటివాళ్ళను నమ్మిస్తూ ప్లాస్టిక్ బిళ్ళలు ముందుకు తోస్తుండాలి. నమ్మినవాడు తన ముక్కలు పడేసి తప్పుకుంటాడు. నమ్మనివాడు తనూ బిళ్ళలు తోసి, ఏదీ చూపించమంటాడు. అందరూ తప్పుకుంటే, చివరికి మిగిలినవాడు తన చేతిలో ఏముందో చూపించనక్కర లేకుండానే బల్లంతా ఊడ్చుకుపోవచ్చు. అంటే ఏమీ లేకపోయినా అన్నీ ఉన్నట్టు ముఖం పెట్టుకుని కూర్చోవడమన్నమాట. మన ఇళ్ళల్లో దీన్నే సంసారం అంటారు.

పేకాడే భర్త వల్ల ఎన్ని సౌకర్యాలో చూడండి. రాజభవనం గేటు దగ్గర ఒక జంట మ్యాపు కోసం పెనుగులాడుతూ కనిపించింది. చివరికి సగం ఆయన చేతిలో, సగం ఆవిడ చేతిలో మిగిలింది. నాకా బాధ లేదు. ఊరంతా తిరిగే భర్త తప్పిపోతాడు, దొంగల పాలవుతాడు, ఎండదెబ్బ తగిలి పడిపోతాడు. మా ఆయన ఎప్పుడు వెతికినా అద్దాల గోడ పక్క బల్ల దగ్గర, అదే కుర్చీలో. రాజభవనాన్నయినా రిపేరుకని మూసేస్తారేమో గానీ మా ఆయన్ని మాత్రం వారమంతా దర్శించుకోవచ్చు.

పైగా ఓర్పు! ఇంట్లో కాఫీ రెండు నిమిషాలు ఆలస్యమైతే గరిటెతో టేబుల్ వాయించే మనిషి, అక్కడ మంచి ముక్క కోసం పూటంతా మునిలా కూర్చున్నారు. ఎక్కడో అక్కడ ఓర్పు నేర్చుకున్నారుగా, మా ఇంట్లోనే నేర్చుకోవాలని రూలేమైనా ఉందా?

ఇక నా విహారం. ఒంటరిగా తిరిగితే మనసు విశాలమవుతుందని అందరూ అంటారు. నాకు కళ్ళు మాత్రమే విశాలమయ్యాయి. రాణిగారి పడకగదిలో పరదాలు తిరగేసి కుట్టారని మొదటి చూపులోనే పట్టేశాను. కుట్ల వైపు బయటికి కనిపిస్తోంది. పక్కనున్న కాపలా మనిషికి మర్యాదగా చెప్పాను. అతను నన్నూ, పరదానూ మార్చి మార్చి చూసి, నాకూ పరదాకూ మధ్యకొచ్చి నిలబడ్డాడు. మ్యూజియంలో యుద్ధాల హాలంతా వదిలేసి, పాతకాలపు వంటపాత్రల ముందు అరగంట నిలబడ్డాను. ఇంత లోతు బానని లోపలికి దిగకుండా ఎలా తోమారా అని. చరిత్రలో ఫస్ట్ క్లాసు తెచ్చుకున్నది ఇందుకేనా అని మీరడగొచ్చు. కిటికీ గట్టు మీద వేలు పెట్టి దుమ్ము చూసుకుంటున్నప్పుడు నేనూ అదే అడుక్కున్నాను.

రోజూ సాయంత్రం మా అమ్మాయి ఫోను.

"అమ్మా, ఫోటోలన్నీ స్తంభాలూ, ఖాళీ బెంచీలూనే. మీ ఇద్దరూ ఉన్నది ఒక్కటి పంపవే."

"లైటింగ్ బాగుండట్లేదే."

"ఎక్కడా?"

"మీ నాన్న ఉన్న చోట."

నిజానికి ఇద్దరం కలిసి చూడాలని నేను కోరుకున్నది ఒక్కటే. ఊరి ఒడ్డు నుంచి పడవలో వెళ్తే చిన్న దీవి మీద పాత లైట్‌హౌస్ ఉంది. మొదటి రోజు టిఫిన్ దగ్గరే అడిగాను.

"పడవలో తీసుకెళ్తారటండీ. పైకెక్కితే ఊరంతా కనిపిస్తుందట. సాయంత్రం వెళ్దామా?"

"చూద్దాం," అన్నారు మా ఆయన.

ఇక్కడే నేను, డిగ్రీ చదువుకున్నదాన్ని, పప్పులో కాలేశాను. చూద్దాం అంటే చూద్దామని అర్థం చేసుకున్నాను! ఇస్త్రీ చీర కట్టుకుని పడవల రేవు దగ్గర నిలబడ్డాను. పడవ వచ్చింది, వెళ్ళింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. చివరికి పడవ నడిపేవాడు జాలిపడి నా చేతిలో ఒక చాక్లెట్టు పెట్టాడు.

ముప్ఫై ఏళ్ళు కాపురం చేసిన మనిషి చెయ్యాల్సిన పొరపాటేనా ఇది? మా వంటింటి అరమర తలుపు ఊడిపోయింది, బిగించండి అన్నాను. చూద్దాం అన్నారు. ఆ అరమర ఇవాళ్టికీ నోరు తెరుచుకుని నన్నే చూస్తోంది. కారు నడపడం నేర్పండి అన్నాను. చూద్దాం అన్నారు. ఆ తరువాత మా ఇంట్లో మూడు కార్లు మారాయి, నేను మాత్రం ఎడమవైపు సీటు నుంచి కదల్లేదు. లేదు అనే మాట మా ఆయన నోట నేను ఎన్నడూ వినలేదు. అంత మంచివారు. అయినా దేశం మారింది, టైము మారింది, కరెన్సీ మారింది, మాటకు మాత్రం అర్థం మారకూడదా అని ఆశపడ్డాను.

మారలేదు. రెండో రోజు చూద్దాం. మూడో రోజు చూద్దాం. నాలుగో రోజు నేను అడగలేదు, ఆయనే అలవాటు కొద్దీ అనేశారు.

ఇప్పుడొక రహస్యం. బొటానికల్ గార్డెన్‌కి వెళ్తున్నానని చెప్పి రెండు మధ్యాహ్నాలు నేను ఎక్కడికీ వెళ్ళలేదు. బ్రోషర్ ముఖానికి అడ్డం పెట్టుకుని కార్డ్ రూము అద్దాల గోడకు ఇవతల నిలబడ్డాను. లోపల మా ఆయన పరాయివాళ్ళ ముఖాల్లోకి చూస్తున్నారు. ఎలా చూస్తున్నారనుకున్నారు? సూదిలో దారం ఎక్కించేటప్పుడు నేను చూసినట్టు!

టిఫిన్ దగ్గర ఆ పాఠాలన్నీ నాకు అప్పజెప్పేవారు. "మా బల్ల దగ్గర ఒకాయనుంటాడోయ్, ఎండలో కూడా గొడుగు పట్టుకొస్తాడు. మంచి ముక్క పడితే ఎడమ కనుబొమ్మ ఇంత లేస్తుంది. ఆ టోపీ ఆవిడ అబద్ధమాడితే చెవి ఎర్రబడుతుంది. ముఖం చదవడం అంటే అదోయ్. నా దగ్గర ఎవరూ దాచలేరు."

"అవునండీ," అన్నాను, కొత్త కళ్ళజోడు సర్దుకుంటూ. అది కొని నెలన్నర అయింది. పాతది గుండ్రటిది, ఇది పలకలది, ఎర్ర ఫ్రేము. పాలవాడు కూడా బాగుందన్నాడు.

ఆఖరి రోజు నేనే వెళ్ళి రెండు పడవ టికెట్లు కొనుక్కొచ్చాను. "సాయంత్రం ఆఖరి పడవ. రేపు మన విమానం. ఇంక కుదరదు," అన్నాను భోజనం దగ్గర. ఆయన తలెత్తలేదు. ఏమన్నారో చెప్పి మీ తెలివిని అవమానించను.

ఆయన్ని లేపుకెళ్దామని కార్డ్ రూములోకి వెళ్ళాను. ఆయనకు ఎదురుగా ఒక కుర్చీ ఖాళీగా ఉంది. వారం రోజుల ఊరు నా మోకాళ్ళలో ఉంది. కూర్చున్నాను.

ముక్కలు పంచే అమ్మాయి అడిగింది. "ఆడతారా మేడమ్?"

"లేదమ్మా, ఆయన లేచేదాకా కూర్చుంటానంతే."

"ఆడనివాళ్ళు ఇక్కడ కూర్చోకూడదు మేడమ్."

కొందరు దురాశతో జూదానికి దిగుతారు, కొందరు చెడు సావాసంతో. నేను మోకాళ్ళ నొప్పితో దిగాను. ఊరు చూడ్డానికి పర్సులో పెట్టుకున్న డబ్బిచ్చి బిళ్ళలు తీసుకున్నాను.

"నీకేమైనా మతి పోయిందా? ముందు లే," అన్నారు మా ఆయన తెలుగులో.

ఆ అమ్మాయి వెంటనే చెయ్యెత్తింది. ఆట నడుస్తుండగా ఇంగ్లీషు తప్ప మరో భాష మాట్లాడకూడదట. తెలిసినవాళ్ళు రహస్యంగా చెప్పుకుంటారని ఆ రూలు. ఆ తరువాత నా కాపురంలో మొదటిసారి మా ఆయన నన్ను "యువర్ టర్న్, మేడమ్" అన్నారు. వినసొంపుగానే ఉంది.

మొదటి నాలుగైదు ఆటలూ ముక్కలు చూసి పడేశాను. చేతికొచ్చింది పైకి చెప్పకుండా వదిలేయడం నాకేమీ కొత్త కాదు. ఆ తరువాత ఒక ఆటలో నా రెండు ముక్కలూ చూసుకుని, బల్ల మీదివి చూసి, నా బిళ్ళలన్నీ రెండు చేతులతో ముందుకు తోసేశాను. టోపీ ఆవిడ తప్పుకుంది. గొడుగాయన కనుబొమ్మ లేవలేదు, ఆయనా తప్పుకున్నాడు. మిగిలింది మా ఆయన.

ఆయన నా ముఖంలోకి చూశారు.

రెండు రోజులకని వచ్చిన చుట్టాలు "నువ్వంతగా అంటే ఇంకో వారం ఉంటాంలే" అన్నప్పుడు నేను పెట్టుకునే ముఖమొకటి ఉంది. ఇన్నేళ్ళుగా వాడి వాడి నునుపు తేలింది. అదే పెట్టుకున్నాను. ఆయన ఎడమ నుంచి చూశారు, కుడి నుంచి చూశారు. ముందుకు వంగి చూశారు. మా పెళ్ళి ఫోటోలో కూడా ఆయన కెమెరా వైపే చూస్తున్నారు. ఇంతసేపు ఆయన చూపు నా ముఖం మీద ఆగడం నాకు జ్ఞాపకం లేదు. ముక్కలు చేతిలో ఉన్న సంగతే మర్చిపోయాను. నిజం చెబుతున్నాను, పడవ సంగతి కూడా!

అప్పుడు, లోపలెక్కడి నుంచో, అలవాటులో పండిన మాట ఒకటి ఆయన నోటి నుంచి జారింది.

"చూద్దాం."

ముక్కలు పంచే అమ్మాయి సూపర్‌వైజర్‌ని పిలిచింది. నల్లకోటు వేసుకున్న పెద్దమనిషి వచ్చాడు. మా ఆయన తన వంతులో ఏదో మాటన్నారు, వంతులో అన్న మాట ఖాయమైపోతుంది, కానీ ఏమన్నారో తెలియడం లేదని ఆ అమ్మాయి చెప్పింది.

"నేనన్నది ఏమిటంటే..." అని మా ఆయన ఇంగ్లీషులో అందుకున్నారు.

"మీరు చెప్పకండి సర్," అన్నాడు నల్లకోటు. "ఇప్పుడు మీకు కావలసినట్టు చెప్పుకుంటారు. ఈ భాష తెలిసినవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా?"

నేను చెయ్యెత్తాను.

"ఆవిడే కదా ఆయనకు పోటీ," అన్నాడు గొడుగాయన.

"నేను ఆయన భార్యనండీ," అన్నాను.

నల్లకోటు ముఖం విప్పారింది. "అయితే మరీ మంచిది. భర్తకు నష్టం వచ్చేలా ఎందుకు చెబుతారు? చెప్పండి మేడమ్. ఆ మాటకు అర్థమేమిటి? మీ ముక్కలు చూపించమంటున్నాడా, తప్పుకుంటున్నాడా?"

నేను అరమరను తలుచుకున్నాను. మూడు కార్లనూ తలుచుకున్నాను. పడవవాడిచ్చిన చాక్లెట్టును తలుచుకున్నాను. సాక్ష్యం చెప్పేటప్పుడు అబద్ధమాడకూడదు.

"మా భాషలో దానికి ఒకటే అర్థమండీ," అన్నాను. "ఆయన రావట్లేదు."

ఆ అమ్మాయి మా ఆయన ముక్కలు లాగేసి, బల్ల మీది బిళ్ళలన్నీ నావైపు తోసింది. నా రెండు ముక్కలూ బోర్లించే వెనక్కిచ్చాను. ఎవరికీ చూపించనక్కర లేదుగా?

మా ఆయన లేచి నిలబడ్డారు. ఇంగ్లీషు ఎగిరిపోయింది. "అదేమిటే! చూద్దామంటే చూద్దామనే కదా అర్థం! ఎవర్నడిగినా చెబుతారు, చూద్దామంటే చూద్దామనే!"

మూడోసారి రూలు తప్పినందుకు ఇవాళ్టికిక ఆట చాలించమని నల్లకోటు ఆయనకు మర్యాదగా తలుపు చూపించాడు.

"అలాగా," అన్నాను నేను, పర్సులోంచి టికెట్లు తీస్తూ. "అయితే వారం నుంచీ మీరంటున్నదీ అదేనన్నమాట. నాకే అర్థం కాలేదు. పదండి, పడవ వెళ్ళిపోతుంది."

లైట్‌హౌస్ చాలా బాగుంది. తెల్లగా, పొడుగ్గా, మెట్ల దగ్గర కాస్త బూజు పట్టి. ఈ వర్ణన నాదే. మా ఆయన దాన్ని చూడనే లేదు. వెళ్ళేటప్పుడు పడవలోనూ, ఎక్కేటప్పుడు మెట్ల మీదా, దిగేటప్పుడూ నా ముఖమే చూస్తూ ఉన్నారు. తిరిగొచ్చేటప్పుడు ఉన్నట్టుండి అడిగారు.

"ఈ కళ్ళజోడు ఎప్పుడు కొన్నావ్?"

పడవవాడు ఫోటో తీసిపెట్టాడు. మా అమ్మాయికి పంపాను. నిమిషంలో ఫోను.

"అమ్మా, నాన్నేంటి నిన్నలా చూస్తున్నారు? ఏం చేశావ్?"

కాబట్టి పాఠకులారా, మొదట చెప్పిన మాట మీదే ఉన్నాను. పేకాట వరమే. మీ ఆయనకు లేకపోతే నేర్పించండి. అయితే ఎదుటి కుర్చీలో మీరు కూర్చోండి, మీ ముక్కలు మాత్రం జన్మలో చూపించకండి. ఆ రోజు నా చేతిలో ఏమున్నాయో మీకైనా చెప్పేదాన్నే. కానీ ఈ మధ్య మా ఆయన నేను రాసేవి కూడా చదువుతున్నారు.

ఇంటికొచ్చాక కూడా కాఫీ పక్కన పెట్టి మరీ నా ముఖంలోకి చూస్తూ కూర్చుంటారు.

"ఒట్టు, ఎవరికీ చెప్పను. ఏమున్నాయి నీ దగ్గర? ఆఠీను రాణి ఉంది కదూ?"

నేను గిన్నెలు సర్దుకుంటాను.

"పోనీ, అరమర తలుపు రేపే బిగిస్తాను. అప్పుడైనా చెబుతావా?" అన్నారు నిన్న.

కళ్ళజోడు సర్దుకుని, ఆయన వైపు ఓసారి నిదానంగా చూశాను.

"చూద్దాం," అన్నాను.