వన్స్‌మోర్ పెట్టె

కడియంలో నర్సరీ ఉన్న వెంకటరాజుగారు ఆ ఉదయం మొక్కలకు నీళ్లు పెట్టించాలని, ఇడ్లీలు తినాలని, సాయంత్రం కొవ్వూరులో నాటకమాడాలని, జనం చేత వన్స్‌మోర్ అనిపించుకుని ఇంటికి రావాలని అనుకున్నారు. మొదటి మూడూ ఆయన చేతిలో పనులే. నాలుగోది జనం చేతిలో ఉండటమే చిక్కు.

గోదావరి ఒడ్డున పద్యం బాగుంటే జనం వన్స్‌మోర్ అంటారు. అంటే నటుడు మళ్లీ పాడి తీరాలి; నాటకంలో చచ్చి పడున్నా సరే, లేచి పాడి మళ్లీ చావాలి. రాజుగారు కిరీటం పెట్టుకున్న ఇన్నేళ్లలో ఆ మాట ఒక్క నోటి నుంచి కూడా రాలేదు. వచ్చేలా పాడితేగా! రాగం ఎంత సాగదీస్తే అంత గొప్పని ఆయన నమ్మకం. నాటక సమాజం వాళ్లకు ఓపిక నశించింది. ఈసారీ వన్స్‌మోర్ రాకపోతే రాజు వేషం గణేష్‌బాబుదేనని మొహాన చెప్పేశారు. గణేష్‌బాబు ఆయన బావమరిది, మంత్రి వేషగాడు. బావమరిది సింహాసనం పక్కన ఈటె పట్టుకుని నిలబడటం కన్నా గోదాట్లో దూకడం నయమనిపించింది రాజుగారికి.

దూకలేదు. కీబోర్డు కొన్నారు.

వాయించడానికి రాజమండ్రిలో పెళ్లిళ్ల ఆర్కెస్ట్రా నడిపే అశోక్‌ని పిలిపించారు. అతను అందులోని చప్పుళ్లన్నీ వరసగా వినిపించాడు. వాన, గుర్రం, కుక్క, హెలికాప్టరు, ఆఖరికి చప్పట్లు. రాజుగారు పెదవి విరిచారు.

"ఇవి మనవాళ్ల చప్పట్లు కాదురా అశోకూ. భోంచేసి కొట్టినట్టు లేవు."

ఆ పెట్టెలోకి మనిషి గొంతు కూడా ఎక్కించవచ్చని అశోక్ నోరు జారాడు. ఇంకేముంది, నర్సరీ కూలీలంతా మైకు చుట్టూ చేరారు. భార్య సూర్యకళను కూడా రమ్మంటే, ఆయన పాడనని మాటిస్తే ఎంత గట్టిగానైనా అరుస్తానంది. కూలీలు అరిచారు, అరిచి పగలబడి నవ్వారు. అశోక్ ఆ నవ్వుల్ని కత్తిరించి, అరుపు మాత్రం ఉంచాడు.

"ఇక ఏ మెట్టు నొక్కినా వన్స్‌మోరేనండి. కింద నొక్కితే లావు గొంతు, పైన నొక్కితే సన్న గొంతు," అన్నాడు గర్వంగా.

సాయంత్రం తెర లేచింది. రాజుగారు మొదటి పద్యం ముగించగానే అశోక్ ఆ చప్పుడు ఎంచి ఒక మెట్టు నొక్కాడు. హాలు మోగిపోయింది. జనం ఆ అరిచిన మహానుభావుడెవరా అని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రాజుగారు వినయంగా దండం పెట్టి మళ్లీ ఎత్తుకున్నారు.

కంగారులో అశోక్ పెట్టెను తిరిగి హార్మోనియం చప్పుడుకి మార్చడం మరిచాడు. రాజుగారి రాగం వెంట వేళ్లు పోనిచ్చేసరికి ప్రతి స్వరమూ వన్స్‌మోర్ అని అరిచింది, ఒకసారి చంటిపిల్లలా, ఒకసారి రాక్షసుడిలా. బుద్ధున్న మనిషైతే అక్కడితో ఆగేవాడు. ఈయన మాత్రం జనం అడుగుతున్నారు కదా అని పద్యం మొదటికి వెళ్లారు. ఆయన పాడతారు, అశోక్ అలవాటు కొద్దీ వాయిస్తాడు, పెట్టె మళ్లీ అడుగుతుంది. జనం పొట్టలు పట్టుకున్నారు. అప్పటికి గాని రాజుగారికి అది పెట్టె పనేనని వెలగలేదు.

అశోక్ బెదిరిపోయి ఏదో మీట నొక్కితే కుక్క మొరిగింది. ఇంకోటి నొక్కితే సభలోకి హెలికాప్టరు దిగింది.

"ప్రభూ, శత్రువులు ఆకాశమార్గాన వస్తున్నారు," అన్నాడు గణేష్‌బాబు తొణక్కుండా.

చప్పట్లు మారుమోగాయి. నిజమైనవి, భోంచేసి కొట్టినవి. రాజుగారికి ఒళ్లు మండిపోయింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. కిరీటం పోయినట్టే.

ఆఖరి సీనులో రాజు యుద్ధంలో దెబ్బతిని, కళ్లు మూసుకుని పద్యం పాడుతూ ప్రాణం విడవాలి. ఆయన పడుకునే లోపే అశోక్ పెట్టె కట్టేసి, ఎందుకైనా మంచిదని వైరు కూడా పీకి చేతిలో పట్టుకున్నాడు. రాజుగారు అది చూడలేదు. అవమానంతో రాగం సాగదీయడానికి ఊపిరి చాల్లేదు. ఉన్న పద్యాన్ని ఉన్నట్టు, వణుకుతూ పాడి తల వాల్చేశారు. ఎంతటివాడైనా ఎప్పుడో ఒకసారి పొరపాటున బాగా పాడతాడు.

ముందు వరసలో సూర్యప్రకాశంగారు లేచారు. ఊళ్లో పద్యం మంచిచెడ్డలు తేల్చేది ఆ పెద్దాయనే. ఏనాడూ ఎవరినీ తొందరపడి మెచ్చుకోని ఆయన కళ్లు తుడుచుకుని, వన్స్‌మోర్ అన్నారు. వెనక హాలంతా లేచి అందుకుంది.

చచ్చిపోయిన రాజు కళ్లు తెరవకుండానే మైకులో గర్జించాడు.

"ఒరేయ్ అశోకూ, ఇంక ఆపరా నీ దిక్కుమాలిన పెట్టె! ఏం గొంతులురా అవి, దున్నపోతులు అరిచినట్టు!"

అరుపులు టక్కున ఆగాయి. రాజుగారు ఒక కన్ను తెరిచారు. అశోక్ వైరు పైకెత్తి చూపించాడు. రాజుగారు వైరు వంక చూశారు, నిలబడున్న జనం వంక చూశారు, గబగబా లేచి చేతులు జోడించారు.

సూర్యప్రకాశంగారు కండువా సర్దుకుంటూ, ఎంతో మర్యాదగా అన్నారు. "మేమేనండి రాజుగారూ అరిచింది. పొరపాటైపోయిందండి. ఇంకెప్పుడూ అరవం లెండి."

గోదావరి వాళ్లు మాటిస్తే తప్పరు.