జకరండా ఉన్న ఇంటికి శత్రువుల కరువు లేదు

పెరట్లో పూలచెట్టు లేనివాడికి శత్రువులుండరు. ఒక్క శత్రువైనా లేనివాడిదీ ఒక బతుకేనా? అందుకే చెబుతున్నాను, అర్జంటుగా ఒక జకరండా నాటండి!

ఆస్ట్రేలియాలోని మా గ్రాఫ్టన్‌లో ఈ మాట ఎవరికీ చెప్పనక్కర్లేదు. అక్టోబరు ముదిరిందంటే ఊరంతా జకరండా పూల ఊదారంగే. నా చెట్టు వల్ల నాకు కలిగిన లాభాలు అన్నీ ఇన్నీ కావు. పచ్చిక కోసే పని లేదు. రాలిన పూల కింద కనబడితే కదా కోయడానికి! వానగొట్టాలు పూలతో మూసుకుపోతాయి కనుక అరవై నాలుగేళ్ల వయసులో వారానికి రెండుసార్లు నిచ్చెన ఎక్కుతున్నాను. ఇంక జిమ్ము ఎందుకు? చెప్పుల్లేకుండా తిరగడం మా జన్మహక్కు. రాలిన పువ్వులో తేనెటీగ ఉంటుందన్న సంగతి మా పాదాలకు ఏటా కొత్తగానే తెలుస్తుంది. నేను ఒంటికాలి మీద గెంతుతుంటే, చెట్టు కోసం వచ్చిన టూరిస్టులు నన్ను కూడా ఫోటో తీసుకుంటారు.

ఇక పొరుగువాళ్లు. ఎడమవైపు డల్సీగారు, డెబ్బై తొమ్మిదేళ్లు. పచ్చిక మీద బంతులు దొర్లించే బౌల్స్ క్లబ్బులో ఆడడానికి తెల్లబట్టలు ఉతికి ఆరేస్తారు. సాయంత్రానికి వాటి నిండా ఊదా మచ్చలే. ఇరవై రెండేళ్లుగా పొద్దున ఏడింటికి కంచె మీదుగా నాకు సుప్రభాతం.

"ఏమయ్యా వార్విక్! నీ చెట్టుకి నా బట్టలే దొరికాయా? నిన్న క్లబ్బులో అందరూ నా వెనకవైపే చూశారు!"

"ఈ వయసులో అంతమంది చూడడం అదృష్టం కాదా డల్సీగారూ?"

"నోర్మూసుకుని చీపురు తియ్యి!"

కుడివైపు బ్రెంట్. మర్యాదకు మారుపేరు. పూలు రాలినా, కొమ్మ విరిగిపడినా "ఏం పర్లేదు, మేట్! ఎంత అందమైన చెట్టో!" అంటాడు. ఏటా జరిగే పూల పండుగలో జకరండా గురువారం నాడు ఊరంతా ఊదా బట్టలు వేసుకుంటే, అతను గడ్డానికి కూడా ఊదారంగు పూసుకుని నాతో సెల్ఫీ దిగాడు.

ఆ తర్వాతి సోమవారమే ఊరి కౌన్సిల్ నుంచి ఉత్తరం. పేరు చెప్పడానికి ఇష్టపడని పొరుగువారు ఫిర్యాదు చేశారట. ఈతకొలను ఫిల్టరు పూలతో పూడుకుపోతోందట. చెట్టు కొట్టేయించాలట. మా వీధిలో ఈతకొలను ఉన్న ఇల్లు ఒక్కటే. అయినా వారు పేరు చెప్పలేదు కనుక నేను కూడా చెప్పను!

హాస్యానికి అంటున్నాను గానీ, ఆ పూట ఉత్తరం పట్టుకుని చెట్టు కిందే కూర్చున్నాను. పెళ్లయిన ఏడాది షెరిల్, నేను కలిసి నాటిన చెట్టు అది. షెరిల్ పోయి ఆరేళ్లు. చెట్టు కూడా పోతే ఆ పెరట్లోకి ఏ మొహంతో వెళ్లను?

తనిఖీకి ఒక అమ్మాయి వచ్చింది. కొలతలు తీసుకుని, కంచె దగ్గరికి వెళ్లి, "ఈ పూలతో మీకేమైనా ఇబ్బంది ఉందా అండీ?" అని డల్సీగారిని అడిగింది. అయిపోయింది నా పని అనుకున్నాను. ఇరవై రెండేళ్ల కసి ఊరికే పోతుందా?

"పూలా? ఏం పూలు?" అన్నారు డల్సీగారు. "నా పెరట్లో ఒక్క పువ్వు రాలితే ఒట్టు!"

ఆ అమ్మాయి ఆవిడ జుట్టులో చిక్కుకున్న మూడు పూలవైపు చూసింది.

"ఇవా? నేనే పెట్టుకున్నాను. తప్పా?"

చెట్టు కొట్టక్కర్లేదని రాసుకుని ఆ అమ్మాయి వెళ్లిపోయింది. నేను కంచె దగ్గరికి పరుగెత్తాను. "డల్సీగారూ, మీరు..."

"చాల్చాల్లే! చెట్టు పోతే పొద్దున్నే నేనెవర్ని తిట్టాలయ్యా? ఆ బ్రెంట్‌నా? ఎదురు ఒక్క మాట అనడు. పళ్లికిలించి, లోపలికి పోయి కౌన్సిల్‌కి ఉత్తరం రాస్తాడు. అలాంటివాడితో ఎలా వేగేది!"