డెన్మార్క్ దొర, యాలాల్ గ్యాసు

ఆ రోజు పొద్దున బాల్‌రాజ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తాండూరు నుంచి ఆఫీసరు మహేందర్ జీపులో డెన్మార్క్ దొరను తీసుకొస్తాడు. ఆయనది చిన్న దేశమే గానీ, అక్కడ గాలిమరలు పెట్టి కరెంటు తీస్తారట. అలాంటివాడు తమ ఊరు యాలాల్‌లో పేడతో మంట ఎలా పుడుతుందో చూస్తానన్నాడు. బాల్‌రాజ్ అగ్గిపుల్ల గీస్తాడు, పొయ్యి మీద నీలిమంట లేస్తుంది, దొర మెచ్చుకుంటాడు, ఊరి నోళ్లు మూతపడతాయి. అంతే.

ఆ నోళ్లు మూతపడటం చాలా అవసరం. పెరట్లో గుంత తవ్వి, పేడనీళ్లు పోసి, పైన ఇనప డ్రమ్ము బోర్లించిన నాటి నుంచి అందరూ నవ్వడమే. గ్యాసు నిండితే డ్రమ్ము పైకి లేస్తుంది, వాడితే దిగుతుంది. "దొర ముంగట గిది మండకపోతే ఊడగొట్టి పాత ఇనుము కొనెటోనికి ఇచ్చేస్త" అని బాల్‌రాజ్ హోటల్ దగ్గర అందరి ముందూ ఒట్టేశాడు. ఒట్టు ఆయనది, పోతే పోయేది మాత్రం భార్య పద్మమ్మ పొయ్యి. కట్టెల పొగకు ఏళ్ల తరబడి కళ్లు మండించుకున్న మనిషి, గ్యాసు వచ్చాకే కొంగు కళ్లకు అడ్డం పెట్టుకోకుండా వండుతోంది. అందుకే నిన్నటి నుంచి గ్యాసు ముట్టకుండా దొర కోసం దాచి, మళ్లీ పొగలోనే తంటాలు పడింది.

బాల్‌రాజ్ తల్లి హన్మమ్మకు ఆ బెంగే లేదు. "పేడ మీద ఉడికిన కూడు నా నోట్లె వెట్ట" అని మొదటిరోజే తేల్చేసింది. ఆమెకు వేరే కట్టెల పొయ్యి.

దొర ముందు గుంతలో వేసి చూపించడానికి పేడ ఎత్తబోయిన బాల్‌రాజ్‌కు కొట్టం ఖాళీగా కనిపించింది.

"అవ్వా! పేడ ఏదే?"

"దానిమీదనే నిలబడ్డవు గద!" అంది హన్మమ్మ. "ఇంటికి దొర వస్తుండంటివి. వాకిలి అలుకకుంటే ఇజ్జత్ పోదా?"

వాకిలితో ఆగితే బాగుండేది. వాడకట్టు ఆడవాళ్లందరినీ పిలిచి అరుగులు, గోడలు, వీధి మలుపు దాకా నున్నగా అలికించి ముగ్గులు పెట్టించింది మహాతల్లి.

బాల్‌రాజ్ తన దోస్తు ఉస్మాన్ ఇంటికి పరుగెత్తాడు. వాళ్లకు బర్రెలున్నాయి.

"మీ అవ్వ చెప్పిందని మా ఇంటామె లాల్‌బీ గూడ మొత్తం అలికేసింది భాయ్," అన్నాడు ఉస్మాన్. "ఊరంత గదే కత. దొర ఎటుకెల్లి వస్తడో ఎవలకెరుక?"

ఇక ఊళ్లో మిగిలిన పేడంతా బర్రెల కడుపుల్లోనే ఉంది. ఇద్దరూ తట్టలు పట్టుకొని మేతకు పోతున్న మంద వెంట పడ్డారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్న మనిషి బర్రె తోక కింద తట్ట పట్టి నడుస్తుంటే ఊరు ఊరుకుంటుందా?

"ఏమైందే బాల్‌రాజ్‌కు?"

"బర్రె ఏమన్న మింగిందేమో!"

"బంగారమే అయ్యుంటది. లేకుంటే గంత పరేషాన్ అయితడా?"

తాండూరు రోడ్డు ఎక్కేసరికి ఊరు ఊరంతా పుల్లలు పట్టుకొని, పడిన పేడ పడినట్టు కెలుకుతోంది. సరిగ్గా అప్పుడే జీపు వచ్చి ఆగింది. ఇదేమిటని దొర మహేందర్‌ను అడిగాడు. ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి, పేడంటే వీళ్లకు ప్రాణమని దొరకు ఇంగ్లీషులో చెప్పాడు. దొర మురిసిపోయి, చొక్కా చేతులు పైకి మడిచి, తానూ ఒక తట్ట నెత్తికెత్తుకున్నాడు.

అందరూ ఊరేగింపుగా పెరట్లోకి వచ్చి చూస్తే, డ్రమ్ము అడుక్కు కూర్చుని ఉంది. తెచ్చిన పేడంతా కలిపి పోశారు. పోసిన పేడ పోసినట్టే గ్యాసు అవుతుందా? బాల్‌రాజ్ ఎన్ని పుల్లలు గీసినా పొయ్యి వెలగలేదు. వెనక జనం కిసుక్కుమన్నారు.

"ఉస్మాన్, గడ్డపార తే. ఊడగొడదాం."

"నేను ముట్టలేదయ్యా, నీ మీద ఒట్టు!" అంది పద్మమ్మ. ఈసారి ఆమె కళ్లల్లో నీళ్లకు పొగతో పనిలేదు.

హన్మమ్మ కోడలి వైపు చూసింది. ఉస్మాన్ తెచ్చిన గడ్డపార వైపు చూసింది. ఒక్క ఉదుటున వచ్చి డ్రమ్ముకు అడ్డం నిలబడింది.

"ఏందిరా ఊడగొట్టేది? అలికినోళ్లకు జర చాయ్ పొయ్యద్దా? గంతమందికి కట్టెల మీద ఎప్పటికి కాగాలె? గ్యాసు మీద పెట్టిన!"

"నీకు ముట్టియ్య రాదు గదనే అవ్వా?"

"ఎందుకు రాదు? మీరు చేన్లకు పోంగనే రోజు పెట్టుకుంటనే ఉన్న. చిటికెల కాగుతది. డ్రమ్ము మీద చెయ్యేసి చూడు, నీ సంగతి చెప్త!"

పెరడంతా గొల్లున నవ్వింది. మహేందర్ ఈ ముచ్చటంతా చెబితే దొర కూడా కడుపు పట్టుకొని నవ్వాడు.

"ఏమంటుండు సారూ?" అన్నాడు బాల్‌రాజ్ భయంభయంగా.

"వాళ్ల ఊర్ల గాలిమర గూడ పెద్దమనుషులు చూడనీకి వచ్చిననాడే తిరగలేదంట," అన్నాడు మహేందర్. "గ్యాసు సంగతి ఎట్లున్నా, వాడకం మాత్రం మస్తుగున్నదంటుండు."

గడ్డపార ఉస్మాన్ ఇంటికి తిరిగి వెళ్లిపోయింది. పద్మమ్మ ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది. తెల్లారి లేచి చూస్తే, ఇక దాచుకునే పని లేని హన్మమ్మ గ్యాసు పొయ్యి ముందు పీట వేసుకొని కూర్చుని ఉంది.

పద్మమ్మ కట్టెలు తేవడానికి వెళ్లింది.