జగ్గయ్య క్యాసెట్ రెండో వైపు

పొద్దున్న ఏడింటికి గంగమ్మకు కొబ్బరికాయ కొట్టాలి. ఏడుంపావుకి జగ్గయ్య బోటు అందరికంటే ముందు నీళ్ళలోకి దిగాలి. ఈలోగా మైకులో అమ్మవారి పాటలు మోగాలి. ఇంతే కార్యక్రమం. రెండు నెలల వేట నిషేధం ముగిసి, విశాఖ ఒడ్డున ఆ పేటలో పద్నాలుగు బోట్లు ఐసూ డీజిలూ నింపుకుని తయారుగా ఉన్నాయి.

ఇంత చిన్న పనిని చెడగొట్టాలంటే బాగా శ్రద్ధ ఉన్న మనిషి కావాలి. జగ్గయ్య ఇల్లరికపుటల్లుడు సింహాద్రికి ఆ శ్రద్ధ కావలసినంత ఉంది.

సింహాద్రి మామ బోటు మీద ఇంజను చూసుకుంటాడు. నిషేధం రోజుల్లో మగవాళ్ళందరూ వలలు బాగుచేసుకుంటుంటే, ఇతగాడు ఆటోనగర్ పాత సామాన్ల షెడ్డులోంచి ఒక కంప్యూటర్ మోసుకొచ్చి, టీవీ కింద పెట్టి, దాన్ని సర్వర్ అన్నాడు. ఇంట్లో ఉన్న సీడీలూ మామ పెట్టెలోని క్యాసెట్లూ అన్నీ అందులోకి ఎక్కించాడు. ఎక్కించి ఊరుకుంటే పేట బాగుపడేది. ప్రతి పాటకూ పేరు, పాడినవాళ్ళు, సినిమా, సంవత్సరం, బొమ్మ, ఇన్ని గళ్ళు నింపితేగాని అతనికి ముద్ద దిగేది కాదు. ఏ గడిలోనైనా ‘తెలియదు’ అని కనిపిస్తే ఒళ్ళు మండేది. పెళ్ళాం దుర్గ తన పుట్టినరోజు ఎప్పుడో చెప్పమంటే మాత్రం నీళ్ళు నమిలాడు.

సీడీలు చెప్పినట్టు విన్నాయి. క్యాసెట్లు చుక్కలు చూపించాయి. ఎందుకంటే అవి కొన్నవి కావు. జగ్గయ్య వయసులో ఉండగా రేడియో ముందు టేపు రికార్డర్ పెట్టి, మీట నొక్కి, పట్టిన పాటలు. ఒక్కో వైపూ అరగంట. అంతసేపు ఎవడు వింటాడు? సింహాద్రి మొదటి రెండు నిమిషాలు విని, మిగతాదీ అదే బాపతని తీర్మానించి పేరు పెట్టేశాడు. ఒక క్యాసెట్ రెండో వైపున గంగమ్మ పాట వినిపించింది. ‘గంగమ్మ భక్తి పాటలు’ అని రాసి, అమ్మవారి బొమ్మ కూడా తగిలించి, పూజకు ఇదే అన్నాడు.

ఇక జగ్గయ్య సంగతి. ముప్పై ఏళ్ళ కిందట పెద్ద తుపాను వచ్చినప్పుడు ఊరు ఊరంతా దుంగలు కలిపి కట్టిన తెప్పలను ఒడ్డుకు లాగేసుకుంటే, జగ్గయ్య ఒక్కడూ వేటకు వెళ్ళాడట. మూడో రోజు పొద్దున్నే గంప నిండా చేపలతో తిరిగొచ్చాడట. ఆ నాటి నుంచి ఏటేటా మొదటి బోటు జగ్గయ్యదే. మొదటి హారతి, మొదటి కొబ్బరి చెక్క, ఆఖరికి పెళ్ళిళ్ళలో మొదటి బంతి కూడా జగ్గయ్యదే. ఆ మర్యాద మీద ఆయన ప్రాణం పెట్టుకు బతుకుతున్నాడు. వరసకు బావమరిది అయిన కొండలరావు ముప్పై ఏళ్ళుగా రెండో బోటువాడిగానే మిగిలిపోయాడు. పళ్ళు నూరుకోవడం తప్ప ఏం చేయలేకపోయాడు.

మత్స్యకారుల సంఘం మైకు జగ్గయ్య వరండాలోనే ఉంటుంది. ఒడ్డున స్తంభానికి కట్టిన హారన్‌లోంచే తుపాను హెచ్చరికలు కూడా చదువుతారు. సింహాద్రి సర్వర్‌ను ఆ మైకుకు కలిపి, పాట పెట్టి, బోటుకు మామిడాకులు కట్టడానికి వెళ్ళాడు.

పాట దివ్యంగా సాగింది. కొబ్బరికాయ ఎత్తిన పూజారి చేయి ఎత్తినట్టే ఉండగా పాట ఆగిపోయి ఒక గంభీరమైన గొంతు మొదలైంది. బంగాళాఖాతంలో వాయుగుండం తీవ్ర తుపానుగా మారిందనీ, విశాఖ రేవులో ప్రమాద సూచిక ఎగరేశారనీ, మత్స్యకారులు వేటకు వెళ్ళరాదనీ చెప్పింది.

ఒడ్డు గొల్లుమంది. రేడియో పెట్టినవాడు అల్లుడే అనుకున్నాడు జగ్గయ్య. మామే అనుకున్నాడు సింహాద్రి. ఒకరినొకరు అడిగే తీరిక ఎక్కడిది? బోట్లను పైకి లాగడం మొదలైంది. సింహాద్రికి మాత్రం బోటు గుర్తుకు రాలేదు, రెండు నెలలు కూర్చుని నింపిన గళ్ళు గుర్తుకొచ్చాయి. ఇంటికి పరుగెత్తి, సర్వర్ వైరు పీకి, పాలిథిన్ సంచిలో చుట్టి అటకెక్కించాడు. దాంతో మైకు మూగబోయింది. తుపానుకు ముందే కరెంటు తీసేశారు, ఇది మామూలుది కాదు అనుకున్నారు జనం.

ఫ్యాను తిరుగుతోందని దుర్గ చెప్పింది. ఫోన్‌లో వాతావరణం దగ్గర ఎండ బొమ్మ ఉందని కూడా చూపించింది. ఫోన్‌కేం తెలుసని ఆమె నోరు మూయించారు.

జగ్గయ్య భార్య పోతమ్మ ఆపాటికే సముద్రానికి దూరంగా గోపాలపట్నంలో ఉన్న చెల్లెలు గంగాలమ్మకు కబురందించింది. గంగాలమ్మ తన వీధికి చెప్పింది. వీధి కొట్ల మీద పడింది. అరగంటలో గంగాలమ్మ తిరిగి ఫోన్ చేసి, ఇక్కడ కొవ్వొత్తులూ పాల ప్యాకెట్లూ దొరకడం లేదని ఏడ్చింది. గోపాలపట్నంలోనే కొవ్వొత్తులు లేవంటే ఇంక అనుమానమేముందని పేటలో ఉన్న ఆ కాస్త అనుమానం కూడా వదిలేశారు.

కొండలరావు మాత్రం ఆకాశం వైపు చూశాడు. మబ్బు తునక లేదు. తర్వాత బావ వైపు చూశాడు. ముప్పై ఏళ్ళకు అతని మొహంలో వెలుగొచ్చింది.

“మేమంటే పిరికోళ్ళం బావా, ఆగిపోతాం. నువ్వు ఎల్తావు కదేటి? అప్పుడు తెప్ప మీదే ఎల్లినోడివి, ఇప్పుడు ఇంజనుంది.”

జనానికి ఆ మాట నచ్చింది. అందరూ దారి ఇచ్చారు. ఎవరో జగ్గయ్య మెడలో దండ కూడా వేశారు. ఆ దండ ఏ రకం దండో జగ్గయ్యకు అర్థమైంది. వెళితే ప్రాణం పోతుంది, వెళ్ళకపోతే మొదటి బోటు పోతుంది. ప్రాణం కంటే ముందు కాస్త సమయం కావాలనిపించింది.

“ఎల్తాను. ఎందుకెల్లనూ?” అన్నాడు మీసం సవరించుకుని. “ఎన్నో నంబరు సూచికో సరిగా ఇన్లేదు. ఇంకోపాలి వార్తలు ఇనీసి ఎల్తాను. ఒరే అల్లుడూ, ఆ మైకేదో మళ్ళీ పెట్టు.”

అప్పుడు మామా అల్లుళ్ళు మొహాలు చూసుకున్నారు. “రేడియో నువ్వు పెట్టలేదేటి మావా?” అన్నాడు సింహాద్రి. మైకులో పెట్టింది తన క్యాసెట్ పాటలేనని అతనికి అప్పుడు వెలిగింది. ఆ మాట పైకి అనే ధైర్యం చాలలేదు. ఈలోపు కొండలరావే ఇంట్లోకి దూరి, వెతికి, అటక మీది సంచి దింపి, సింహాద్రి చేతే వైర్లు పెట్టించాడు. ఆగిన చోటు నుంచే అందుకునే మంచి బుద్ధి సర్వర్‌కు ఉంది.

హారన్‌లో గంభీరమైన గొంతు హెచ్చరిక ముగించింది. టక్కున రేడియో కట్టేసిన చప్పుడు. ఆ నాడు రేడియో కట్టేశారుగాని, టేపు రికార్డర్ మీట ఎవరూ ఎత్తలేదు. ఉయ్యాల్లో పసిపిల్ల ఏడుపు. ఆ పైన పడుచు జగ్గయ్య గొంతు పేటంతా మోగింది.

“ఇన్నావేటే? నాను ఎలమంచిలి మీ పిన్నమ్మింటికాడ రెండ్రోజులు పడుంటాను. ఎవులడిగినా ఏటకెల్లాడని సెప్పు.”

“మరి తెప్ప ఇక్కడే ఉంటాది కదా?” అంది పడుచు పోతమ్మ గొంతు.

“కట్లిప్పీసి దుంగలు పెరట్లో తాటాకుల కింద పెట్టీసాను. వచ్చినప్పుడు సంతలో గంపడు సేపలు కొనుక్కొస్తాన్లే.”

ఒడ్డు మీద పద్నాలుగు బోట్ల జనం హారన్ మీంచి తలలు జగ్గయ్య వైపు తిప్పారు. సముద్రం మాత్రం ప్రశాంతంగా ఉంది. ఉయ్యాల్లో ఏడ్చింది తనేనని తెలిసి దుర్గ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. జగ్గయ్య మెడలో దండ తీసి ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకున్నాడు. ఆయన్ను చూస్తే ఎవరికైనా జాలి వేసేది, నవ్వు ఆగితే.

ఇన్నాళ్ళూ చెప్పలేదేమని ఆడవాళ్ళు పోతమ్మను చుట్టుముట్టారు.

“నన్నెవులడిగేరు?” అంది పోతమ్మ. “అయినా సేపలు మంచివే తెచ్చాడు.”

తుపాను ముప్పై ఏళ్ళ నాటిదని తేలింది కాబట్టి, ఐసు కరిగేలోగా బోట్లు కదిలాయి. మొదట కొండలరావుది. జగ్గయ్యది పద్నాలుగోది. ఎక్కేముందు ఆయన అల్లుణ్ణి పక్కకు పిలిచి, ఆ పాట ఆ డబ్బాలో ఉంటే నువ్వు నా ఇంట్లో ఉండవని నెమ్మదిగా చెప్పాడు. సింహాద్రి దాన్ని తక్షణం చెరిపేశాడు.

కాకపోతే అప్పటికే పోతమ్మ మొగుడు అన్న ఆ నాలుగు ముక్కలూ కూతురి చేత తన ఫోన్‌కు రింగ్‌టోన్‌గా పెట్టించుకుంది.